హైదరాబాద్‌లో ఐదు నక్షత్రాల బస: ఏ హోటల్ ఎవరికి?

హైదరాబాద్‌లో మంచి ఫైవ్‌స్టార్ హోటల్ చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీకు పని ఎక్కడ? చాలామందికి ఇది నచ్చదు. ఫలక్‌నుమా బాగుంటుందా, కోహెనూర్ బాగుంటుందా అని అడిగితే ఈయనేమిటి పనుల సంగతి తీస్తాడు అనుకుంటారు. కానీ ఈ ఊళ్లో రాత్రికి ఇరవై వేలు పోసి గది తీసుకుని, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కారులో కూర్చున్నవాళ్లను చూశాను. పరుపు ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఏం లాభం, దాని మీద నడుం వాల్చే తీరిక లేనప్పుడు?

ఈ ఊరి పెద్ద హోటళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే ఊరు పెరిగిన తీరు తెలిసిపోతుంది. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలో దిగేవి. అందుకే పాతతరం హోటళ్లు ఆ చుట్టుపక్కలే వెలిశాయి: బేగంపేటలో కాకతీయ, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో కృష్ణా. తర్వాత విమానాశ్రయం శంషాబాద్ పోయింది, కొత్త ఆఫీసులు మాదాపూర్, గచ్చిబౌలి వైపు లేచాయి. వాటి వెంట హోటళ్లూ పడమటికి నడిచాయి: 2009లో వెస్టిన్, 2013లో ట్రైడెంట్, 2018లో కోహెనూర్. ఫలక్‌నుమా ఒక్కటే ఎవరి వెంటా పోలేదు. పాతబస్తీకి దక్షిణాన గుట్ట మీద అలాగే కూర్చుని ఉంది, మనమే దాని దగ్గరికి పోవాలి.

కాబట్టి ముందు ఏ మూలన ఉండాలో తేల్చుకోండి, హోటల్ పేరు ఆ తర్వాత.

## ఏవి చూడాలి, ఏవి పక్కన పెట్టాలి

నక్షత్రాలు పక్కన పెట్టండి. కేంద్ర పర్యాటక శాఖ హోటళ్లకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, ఆ పైన ఫైవ్‌స్టార్ డీలక్స్, పాత కోటలకూ మహళ్లకూ వేరుగా హెరిటేజ్ తరగతులు ఇస్తుంది. అదీ హోటల్ తనంతట తాను దరఖాస్తు పెట్టుకుంటేనే. ఇక ‘లగ్జరీ’ అన్న మాటకు కొలతే లేదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. ఇక్కడ నేను చెప్పబోయేవన్నీ పై తరగతివే. అన్నిట్లోనూ దుప్పట్లు తెల్లగానే ఉంటాయి, నౌకర్లు చేతులు జోడించే పలకరిస్తారు. తేడా వచ్చేది వేరే చోట.

మొదటిది దూరం. అదీ కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కేయాలి. మ్యాప్‌లో రాత్రి పదకొండింటికి చూసి ‘ఇరవై నిమిషాలే’ అనుకోకండి. మీరు బయల్దేరబోయే వేళకి, వారంలో అదే రోజున చూడండి. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ దగ్గర ఉండే రద్దీకీ, ఆదివారం అదే వేళకి ఉండే రద్దీకీ పోలికే లేదు.

రెండోది గది ముఖం. ఒకే హోటల్లో, ఒకే ధరకు, ఒక గది చెరువు చూస్తుంది, ఇంకోటి పక్క బిల్డింగు ఏసీ యంత్రాలు చూస్తుంది. లాన్ చూసే గది ఫొటోలో అందంగా ఉంటుంది కానీ, అదే లాన్‌లో పెళ్లిళ్లూ జరుగుతాయి. ఒకసారి మా ఆవిడకి మర్నాడు పొద్దున ఆపరేషన్ ముందు పరీక్షలు ఉన్నాయని, ప్రశాంతంగా ఉంటుందని ఒక పెద్ద హోటల్లో దిగాం. కిటికీ కింద సంగీత్. డీజే పదిన్నరకు ఆగింది, కుర్చీలు సర్దే చప్పుడు ఒంటిగంట దాకా ఆగలేదు. రిసెప్షన్ కుర్రాడు పాపం క్షమాపణగా చాక్లెట్ కేకు పంపాడు. మా ఆవిడ రాత్రంతా ఏమీ తినకూడదు.

అప్పట్నుంచి నేను గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతాను: ‘ఆ తేదీల్లో మీ దగ్గర ఫంక్షన్ ఉందా? ఉంటే హాల్లోనా, బయట లాన్‌లోనా?’ నిజం చెప్తారు, దాచే అవసరం వాళ్లకు లేదు.

మూడోది స్నానాల గది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, పెద్దవాళ్లతో వచ్చి చూస్తే తెలుస్తుంది. మా నాన్నగారికి డెబ్బై ఎనిమిది. తొట్టిలోకి కాలెత్తి దిగలేరు, పైనుంచి పడే జల్లు స్నానం ఆయన దృష్టిలో స్నానమే కాదు. బకెట్, మగ్గు, చిన్న స్టూలు కావాలి. నేను అడిగిన ప్రతి ఫైవ్‌స్టార్‌లోనూ హౌస్‌కీపింగ్ వాళ్లు పది నిమిషాల్లో తెచ్చిచ్చారు. ముందే గదిలో పెట్టరు, అడగాలి, అంతే. పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉన్న గది కావాలంటే మాత్రం బుక్ చేసేటప్పుడే చెప్పాలి, అలాంటివి హోటల్‌కి కొన్నే ఉంటాయి.

నాలుగోది తిండి, ఐదోది చివరి బిల్లు. బిల్లు సంగతి కాస్త పెద్దది, చివర్లో విడిగా చెప్తాను.

## ఒక్క చూపులో

| హోటల్ | ఉన్న చోటు | దగ్గరయ్యేవి | ఇబ్బంది | ఎవరికి |
|---|---|---|---|---|
| తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్ | పాతబస్తీ దక్షిణాన గుట్ట | చార్మినార్, చౌమహల్లా, శంషాబాద్ | పడమటి ఆఫీసులు బాగా దూరం, ధర చాలా ఎక్కువ | వేడుకకి, ఒక్క రాత్రికి |
| తాజ్ కృష్ణా | బంజారాహిల్స్ రోడ్ నం. 1 | ఊరి నడిబొడ్డు, షాపింగ్ | పెళ్లిళ్ల సందడి | అన్ని వైపులా పనులున్న కుటుంబం |
| పార్క్ హయత్ | బంజారాహిల్స్ రోడ్ నం. 2 | కేబీఆర్ పార్కు, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి | పాత ఊరి వాసన తక్కువ | నిశ్శబ్దం కోరేవాళ్లు |
| ఐటీసీ కాకతీయ | బేగంపేట | సికింద్రాబాద్, అమీర్‌పేట, మెట్రో | పాత కట్టడం | పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు |
| ఐటీసీ కోహెనూర్ | దుర్గం చెరువు | హైటెక్ సిటీ, జూబ్లీహిల్స్ | పాతబస్తీ దూరం | ఆఫీసు పనీ, మంచి భోజనమూ |
| ట్రైడెంట్, వెస్టిన్ | హైటెక్ సిటీ, మైండ్‌స్పేస్ | ఐటీ కంపెనీలు, మెట్రో | వారం మధ్యలో ధర మండుతుంది | మీటింగులకి వచ్చేవాళ్లు |

పట్టిక చూసి వెంటనే బుక్ చేయకండి. ఇందులో ‘ఎవరికి’ అన్న గడి నా అభిప్రాయం, మిగతా గడులు ఊరి పటం.

## ఫలక్‌నుమా: ఉండడానికా, చూడడానికా?

అందరూ అడిగేది దీని గురించే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందినవాడు, నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా చేసిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశాడు. పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. చాలా ఏళ్లు మూతపడినట్టే ఉండి, తాజ్ సంస్థ దాదాపు పదేళ్లు మరమ్మతు చేయించాక 2010 నవంబరులో హోటల్‌గా తలుపులు తెరిచింది. గదులూ సూట్లూ కలిపి అరవై. నూటొక్క మంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల ఇక్కడే ఉంది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని విందు ఇచ్చింది ఆ బల్ల మీదే.

గేటు దగ్గర మీ కారు ఆగిపోతుంది. అక్కణ్నుంచి గుర్రబ్బండిలో పైకి తీసుకెళ్తారు. మెట్ల దగ్గర దిగుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. ఇది కాస్త సినిమా సీనులా అనిపిస్తుందని ముందు నేనూ మొహం చిట్లించాను. కానీ మా అత్తగారి ముఖం ఆ క్షణంలో చూసినవాడిగా చెప్తున్నా, ఆ గులాబీ రేకులకి నేనిచ్చిన డబ్బులో సగం చెల్లిపోయింది.

బస చేసినవాళ్లకి సాయంత్రం మహలంతా తిప్పి చూపిస్తారు. ఆ నడక వదులుకోకండి. గ్రంథాలయం, దర్బారు, నాట్యశాల, కొమ్మలు చాచిన షాండిలియర్లు చూసి వచ్చి మెట్ల మీద నిలబడితే చీకటి పడే వేళ పాతబస్తీ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి. రాత్రికి ‘అదా’లో హైదరాబాదీ భోజనం.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. ఈ మహలు ఉండడానికి చాలా బాగుంటుంది, బయటికి వెళ్లి రావడానికి ఏమాత్రం బాగుండదు. హైటెక్ సిటీకి ఇరవై కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఊరంతా ఉంది. పాతబస్తీ వైపు మెట్రో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దగ్గరే ఆగిపోతుంది. సందు చివర టీ తాగి వద్దాం, పక్కన మందుల షాపులో మాత్ర కొందాం అంటే గుట్ట దిగాలి. మూడు రాత్రులు ఇక్కడ తీసుకుని రోజూ మాదాపూర్ బంధువుల ఇంటికి తిరిగిన ఒక కుటుంబం నాకు తెలుసు. వాళ్లు మహల్ని వెలుతురులో చూసింది చెకౌట్ రోజునే.

అందుకని నా లెక్క ఇది: ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి. ఆ రోజూ మర్నాడూ బయట ఏ పనీ పెట్టుకోవద్దు. మధ్యాహ్నం చెకిన్ మొదలవగానే వెళ్లిపోండి, మర్నాడు చెకౌట్ గంట కొట్టేదాకా కదలకండి. మిగతా రాత్రులకి ఊళ్లో వేరే గది. ధర మిగతా ఫైవ్‌స్టార్ల కంటే రెట్లలో ఎక్కువ గనక, ఒక్క రాత్రే అయితే గుండె కూడా కాస్త తట్టుకుంటుంది. ఆ ఒక్క రాత్రిని ప్రయాణం చివర పెట్టుకుంటే ఇంకో లాభం, శంషాబాద్ ఇరవై కిలోమీటర్ల లోపే. అయితే తెల్లవారుజామున విమానం ఉంటే మాత్రం చివరి రాత్రి ఇక్కడ పెట్టకండి. మూడింటికి లేచి పోయేవాడికి మహలెందుకు, విమానాశ్రయం ఆవరణలోనే ఉన్న నోవోటెల్ చాలు.

అంత డబ్బు లేదు కానీ చూడాలని ఉంది అనేవాళ్లకి ఒక దారి ఉంది. గది తీసుకోకుండానే జేడ్ రూమ్‌లో హై టీ (సాయంత్రం టీ, చిరుతిళ్లు) కోసమో, రాత్రి భోజనానికో ముందుగా చెప్పుకుని వెళ్లొచ్చు. చెప్పకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

## బంజారాహిల్స్: కృష్ణానా, పార్క్ హయతా?

రెండూ కారులో కొద్ది నిమిషాల ఎడంలోనే ఉంటాయి, స్వభావాలు మాత్రం ఉత్తరం దక్షిణం.

తాజ్ కృష్ణాని ఒక తరం వాళ్లు ఇంకా ‘కృష్ణా ఒబెరాయ్’ అనే అంటారు, మొదట పేరు అదే. లాబీలో అడుగుపెడితే పాత హైదరాబాద్ పెద్దింట్లోకి వచ్చినట్టుంటుంది: పాలరాయి, పూలకుండీలు, నలభై ఏళ్ల కింద ఇక్కడే పెళ్లి చేసుకుని ఇప్పుడు మనవరాలి పెళ్లి మాటలకొచ్చిన దంపతులు. ‘ఫిర్దౌస్’లో హైదరాబాదీ వంట, ‘గోల్డెన్ డ్రాగన్’లో చైనీస్ ఏళ్ల తరబడి నిలబడ్డాయి. ఊరికి నడిమధ్యన ఉంటుంది గనక ఇటు హైటెక్ సిటీకి, అటు చార్మినార్‌కి, ఇంకో పక్క సికింద్రాబాద్‌కి ఎటైనా పోవచ్చు. నగలు, చీరలు కొనాల్సిన పెళ్లివారికి ఇంతకంటే మంచి చోటు లేదు. లోపమూ అక్కడే: మీలాంటి పెళ్లివారు మరో నాలుగు జట్లు కూడా అక్కడే ఉంటారు.

పార్క్ హయత్ 2012లో వచ్చింది. గదులు విశాలం, గోడల మీద అలంకారం తక్కువ, లాబీలో మాట కూడా నెమ్మదిగానే వినిపిస్తుంది. ఇటాలియన్ తినేవాళ్లు ‘త్రే ఫోర్నీ’ కోసం, ఆసియా వంటలు ఇష్టపడేవాళ్లు ‘రికా’ కోసం ఊళ్లోంచే వస్తుంటారు. అయితే కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చి ఆ గదిలో వదిలితే మీరున్నది హైదరాబాదో సింగపూరో చెప్పలేరు. కొందరికి సరిగ్గా అదే కావాలి. ఎల్వీ ప్రసాద్‌లో కంటి ఆపరేషన్ కోసం తల్లిదండ్రుల్ని తెచ్చినవాళ్లకి నేను మరో మాట లేకుండా దీన్నే చెప్తాను. ఆ ఆసుపత్రీ ఈ హోటలూ రోడ్ నంబర్ 2 మీదే.

## బేగంపేటలో కాకతీయ

ఈ మధ్య దీని పేరు ఎవరూ ఎత్తడం లేదు. కొత్తవి మెరుస్తుంటే పాతది కంటికి ఆనదు. కానీ ఇంట్లో పెద్దవాళ్లుంటే నా ఓటు దీనికే.

కారణం ‘దక్షిణ్’. దక్షిణాది రాష్ట్రాల వంట వండే ఈ రెస్టారెంట్‌లో మా నాన్నగారు మెనూ చూడకుండా భోంచేస్తారు. ఫైవ్‌స్టార్‌కి తీసుకెళ్లిన ప్రతిసారీ ‘ఇక్కడ పెరుగన్నం దొరుకుతుందా’ అని మెల్లగా అడిగే మనిషి, ఇక్కడ ఆవకాయ ముద్ద కలుపుకుని ఇంకో రెండు చెంచాల నెయ్యి అడిగారు. డబ్బులిచ్చే కొడుక్కి ఇంతకన్నా ఏం కావాలి.

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేవాళ్లకి దగ్గర. బేగంపేట మెట్రో స్టేషన్ కూడా దూరం కాదు, నాగోల్ నుంచి రాయదుర్గం పోయే ఆ లైను పట్టుకుంటే రోడ్డు మీది రద్దీని కింద వదిలేసి హైటెక్ సిటీ చేరొచ్చు. ఫైవ్‌స్టార్‌లో దిగి మెట్రో ఎక్కడమేమిటి అనకండి, సాయంత్రం ఆరింటికి పంజాగుట్ట చౌరస్తాలో ఇన్నోవాలో కూర్చున్నవాడు పైన పోతున్న రైలు వైపు చూసే చూపు మీరు చూడలేదు.

కట్టడం పాతది. గదుల్లో కొన్ని బాగుచేశారు, కొన్ని ఇంకా పాతవాసనే. బుక్ చేసేటప్పుడు ‘రెనొవేట్ చేసిన గది కావాలి’ అని అడగండి.

హుస్సేన్‌సాగర్ చూస్తూ నిద్ర లేవాలనుకునేవాళ్లకి ట్యాంక్‌బండ్ దగ్గరి మారియట్, రాజ్‌భవన్ రోడ్డు మీది ‘ది పార్క్’ ఉన్నాయి. బుద్ధ విగ్రహం కనిపించే గది దొరికితే బాగుంటుంది. వినాయక నిమజ్జనం నాడు మాత్రం అటు వైపు గది తీసుకునే ముందు ఆలోచించుకోండి. చూడ్డానికి అంతకంటే మంచి చోటు లేదు, గేటు దాటి కారు కదలడానికి అంతకంటే చెడ్డ చోటూ లేదు.

## పడమర: కోహెనూర్, ట్రైడెంట్, వెస్టిన్

మీ పని మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రాంగూడలోనో ఉంటే పై భాగాలు చదవడం వినోదానికే. అమెరికా కాన్సులేట్ కూడా 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రాంగూడకి మారింది గనక, తల్లిదండ్రుల వీసా ఇంటర్వ్యూ కోసం వచ్చేవాళ్లూ ఇటే దిగాలి. ఇంకా బేగంపేటలో గది తీసుకుని పొద్దున్నే పరుగెత్తేవాళ్లున్నారు, పాత అలవాటు.

మూడింట్లో ట్రైడెంట్ సైబర్ టవర్స్‌కి దగ్గర, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్కనే. వెస్టిన్ మైండ్‌స్పేస్ ఐటీ పార్కులో, రాయదుర్గం స్టేషన్‌కి దగ్గర. మీ మీటింగు మైండ్‌స్పేస్‌లోనే అయితే వెస్టిన్ నుంచి నడిచి పోవచ్చు, ఆ ఒక్క సౌకర్యం ముందు మిగతా పోలికలన్నీ దిగదుడుపే. రెండింట్లోనూ పొద్దున ఏడింటికి బఫే దగ్గర మెడలో ఐడీ కార్డులే కనిపిస్తాయి. పని ఉన్నవాడికి కావాల్సింది వేగం, అది రెండింట్లోనూ ఉంది. సెలవుకొచ్చిన కుటుంబానికి ఆ వాతావరణం ఆఫీసు క్యాంటీన్‌లా అనిపించవచ్చు.

కోహెనూర్ మరో రకం. దుర్గం చెరువు పక్కన ఉంది, చెరువు వైపు గదుల్లోంచి 2020లో తెరిచిన తీగల వంతెన రాత్రిపూట రంగులు మారుతూ కనిపిస్తుంది. తిండికోసమైతే ఊళ్లో కొత్త హోటళ్లన్నిట్లోనూ దీన్నే ముందు చెప్తాను. ‘పెషావరీ’లో దాల్ బుఖారా, నాన్, కబాబ్. ‘దమ్ పుఖ్త్ బేగమ్స్’లో నవాబుల ఇళ్ల వంట. బిర్యానీ గురించి మాత్రం నన్ను ఇరికించకండి, బయట తినే బిర్యానీకీ ఇక్కడి బిర్యానీకీ పోలిక పెట్టి ఇప్పటికి ఇద్దరు స్నేహితుల్ని దూరం చేసుకున్నాను.

చెరువు వైపు గదికి అదనంగా తీసుకుంటారు. ఎక్కువ సేపు గదిలో గడిపేవాళ్లయితేనే అది ఇవ్వండి. పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి తొమ్మిదికి వచ్చేవాడికి చెరువు చీకట్లో చెరువే.

ఈ పడమటి హోటళ్లలో ఒక చిత్రం ఉంది. సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీలు గదులు తీసేసుకుంటాయి, ధర ఎక్కుతుంది. శుక్ర, శని, ఆదివారాల్లో అదే గది దిగొస్తుంది. ఊళ్లోనే ఉంటూ ‘ఒక వారాంతం ఎక్కడైనా హాయిగా గడుపుదాం’ అనుకునే దంపతులకి ఇదే అదును. బంజారాహిల్స్‌లో లెక్క తిరగబడుతుంది, అక్కడ వారాంతం ముహూర్తాలది.

## మీరు వీళ్లలో ఎవరు?

అమెరికా నుంచి పిల్లలతో వచ్చేవాళ్లు. అమ్మమ్మగారి ఊరు వెళ్లే ముందు రెండు రోజులు హైదరాబాద్‌లో జెట్‌లాగ్ తీర్చుకోవాలంటే పార్క్ హయత్ గాని, కృష్ణా గాని. అర్ధరాత్రి మూడింటికి పిల్లలు లేచి ఆకలంటారు, రూమ్ సర్వీసు ఇరవై నాలుగు గంటలూ ఉందో లేదో అడగండి. విదేశీ పౌరుల వివరాలు హోటల్ వాళ్లు ప్రభుత్వానికి పంపాల్సిందే, కాబట్టి పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. అర్ధరాత్రి రిసెప్షన్ దగ్గర సూట్‌కేసులు విప్పే కుటుంబాన్ని చూస్తే జాలేస్తుంది.

ఇంకోటి: విమానం తెల్లవారి నాలుగింటికి దిగితే, చెకిన్ మధ్యాహ్నం రెండుకో మూడుకో. ‘ఎర్లీ చెకిన్ ఇస్తాం లెండి’ అన్న మాట నమ్ముకుని రావద్దు. ముందు రాత్రికి కూడా డబ్బు కట్టి ‘పొద్దున నాలుగుకి వస్తాం, గది వదలొద్దు’ అని రాతపూర్వకంగా చెప్పండి. లేదంటే రాత్రి పన్నెండు దాటాక మీరు రాలేదనుకుని ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం కూడా ఉంది.

షష్టిపూర్తి, పెళ్లిరోజు. ఒక్క రాత్రి ఫలక్‌నుమా. పది మంది బంధువులనీ తీసుకెళ్లలేరు కాబట్టి, దంపతులిద్దరికీ గది, మిగతావాళ్లకి హై టీ.

ఆడవాళ్లు ఒంటరిగా వస్తే. ఐటీసీ హోటళ్లలో మహిళల కోసం ‘ఈవా’ పేరుతో విడి గదులు పెట్టే పద్ధతి ఉంది, మీ తేదీలకి ఉన్నాయేమో అడగండి. ఎక్కడ దిగినా గది నంబరు పైకి చదవకుండా కార్డు మీద రాసి ఇమ్మనండి.

చార్మినార్, గోల్కొండ చూడ్డానికొచ్చినవాళ్లు. కృష్ణా. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండూ శుక్రవారం మూసేస్తారు, రోజులు వేసుకునేటప్పుడే చూసుకోండి. రంజాన్ నెలలో రాత్రి చార్మినార్ చూడాలంటే అక్కడికి దగ్గరుండే ఫలక్‌నుమాకి ఒక్కసారిగా విలువ పెరుగుతుంది.

## బిల్లు లెక్క

తెర మీద చూసిన ధర వేరు, చెకౌట్ నాడు చేతికొచ్చే కాగితం వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి రూ. 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ గీత దగ్గర తమాషా చూడండి. రూ. 7,500 గదికి పన్నుతో 7,875. రూ. 7,600 గదికి పన్నుతో 8,968. గదికి వంద పెరిగితే జేబుకి వెయ్యి తొంభై మూడు పెరిగింది. మనం మాట్లాడుకుంటున్న హోటళ్లన్నీ మామూలుగా గీతకి అవతలే, అందుకే ఎక్కడ ధర చూసినా దానికి ఇంచుమించు ఐదో వంతు కలిపి మనసులో పెట్టుకోండి. రూ. 20,000 గది అంటే 23,600.

ఇలాంటి హోటళ్ల రెస్టారెంట్లలో తిండికీ 18 శాతమే పడుతుంది, బయట హోటల్లో కట్టే 5 శాతం కాదు. అందుకే బ్రేక్‌ఫాస్ట్ కలిసిన ధరకీ కలవని ధరకీ తేడా ఎంతో చూసుకోండి. పొద్దున రెండు ఇడ్లీ, కాఫీతో సరిపెట్టుకునే మనిషికి ఆ బఫే దండగ. పిల్లలున్నవాళ్లకి లాభం. నాకైతే ఫైవ్‌స్టార్ బఫే ఇడ్లీ మీద పాత కోపం, మెత్తగా ఉంటుంది కానీ చట్నీలో కారం ఉండదు.

రెస్టారెంట్ బిల్లులో సర్వీస్ చార్జి తనంతట తాను వచ్చి కూర్చుంటే తీసేయమని అడగొచ్చు. బిల్లులో దాన్ని తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నచ్చిన కుర్రాడి చేతిలో మీరే పెట్టండి, అది వేరే సంగతి.

ఎప్పుడు బుక్ చేయాలి అంటే పంచాంగం చూసి. ఆషాఢం, భాద్రపదం, మూఢం రోజులు మన పెళ్లిళ్లకి సెలవు, లాన్లు ఖాళీ. మార్వాడీ, గుజరాతీ పెళ్లిళ్ల లెక్క వేరు గనక ఫోన్ చేసి అడగడం మానకండి. డిసెంబరు చివరి పది రోజులు ముహూర్తాలున్నా లేకపోయినా ఎన్నారైలతో నిండిపోతాయి.

డబ్బు వెనక్కి రాని ధర కొంచెం తక్కువ ఉంటుంది. ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్లు, వీసా తేదీ మారే అవకాశం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

బుకింగ్ సైటులో ధర చూశాక ఒకసారి హోటల్‌కే ఫోన్ చేయండి. అదే ధరకి బ్రేక్‌ఫాస్ట్ కలుపుతారేమో, గది పై అంతస్తులో ఇస్తారేమో అడగండి. మధ్యాహ్నం నాలుగు తర్వాత చేస్తే చెకౌట్‌ల హడావుడి తగ్గి ఓపిగ్గా మాట్లాడతారు. గది లిఫ్టుకి పక్కనే వద్దు, లాన్ వైపు వద్దు, సాయంత్రానికి బాత్‌రూంలో ఒక బకెట్, మగ్గు, స్టూలు పెట్టించండి అని అప్పుడే చెప్పేయండి. రాసుకుంటారు. ఫోన్ ఎత్తినవాళ్ల పేరు మీరూ రాసుకోండి.